శాఖా గ్రంథాలయంలో పెద్దలకు ప్రతి ఆదివారం ఉచిత ప్రసంగాలు ఉండాలా, వద్దా?

బాపట్ల జిల్లా పాఠకుడు (చర్చ ప్రారంభం):

మా పట్టణంలోని శాఖా గ్రంథాలయంలో ప్రతి ఆదివారం సాయంత్రం ఒక గంటసేపు పెద్దల కోసం ఉచిత ప్రసంగం ఏర్పాటు చేయాలని కొందరు పాఠకులం లిఖితపూర్వకంగా కోరాము. మధుమేహం, భూమి పత్రాలు, వీలునామా, బ్యాంకు ఖాతాల మోసాలు, ఊరి చరిత్ర వంటి విషయాలపై ఆయా రంగాల్లో పనిచేసినవారు వచ్చి మాట్లాడతారు. ప్రవేశ రుసుము ఉండదు, సభ్యత్వం కూడా అక్కరలేదు. దీనికి పఠన మందిరంలో రోజూ కూర్చునేవారి నుంచి గట్టి అభ్యంతరం వచ్చింది. గ్రంథాలయం చదువుకోవడానికే కానీ సభలు పెట్టుకోవడానికి కాదని వారు అంటున్నారు. అభ్యంతరం న్యాయమైనదే కనుక అందరి ఎదుట చర్చించాలని ఇక్కడ రాస్తున్నాను.

ప్రసంగాలు ఉండాలన్నది నా అభిప్రాయం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం ఏర్పడిన నాటి నుంచీ అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు గ్రంథాలయాన్ని వయోజన విద్యకు నిలయంగానే చూశారు. రాత్రి బడులు నడపడం, ఉపన్యాసాలు ఇప్పించడం, చదువురానివారికి పత్రిక చదివి వినిపించడం ఆనాడు గ్రంథాలయం చేయవలసిన పనులే. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారంటే, చదువరి వచ్చేదాకా కూర్చోకుండా జనం ఉన్నచోటికే చదువును తీసుకుపోవాలన్న పట్టుదల ఎంతటిదో తెలుస్తుంది. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67.02 శాతం. అంటే ఏడేళ్లు దాటినవారిలో దాదాపు మూడోవంతు మందికి పుస్తకాల బీరువాతో పని లేదు. వారు కూడా ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. వారికి గ్రంథాలయం ఏమిస్తోంది? నాకు తోచినంతవరకు ప్రసంగం ఒక్కటే వారిని గడప దాటించి లోపలికి తీసుకురాగలదు.

గ్రూప్స్ అభ్యర్థి:

పెద్దలు చెప్పిన చరిత్ర పట్ల నాకు గౌరవం ఉంది. అయితే ఈనాడు ఆ మందిరంలో కూర్చునేది ఎవరో కూడా చూడాలి. నలుగురం కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, అందులో వంట, నిద్ర, చదువు అన్నీ సాగక, ఉదయం తలుపు తీయకముందే గ్రంథాలయం మెట్ల మీద వరుసలో నిలబడేవారం మేము. ఫ్యాను కింద కుర్చీ దొరకకపోతే కిటికీ పక్కన, అదీ దొరకకపోతే వరండాలో కూర్చుంటాము. కోచింగ్ కేంద్రానికి డబ్బు కట్టలేనివారికి ఊరు మొత్తంలో ప్రశాంతంగా చదువుకునే చోటు ఇదొక్కటే. అక్కడ వారానికి ఒకసారి మైకు పెడితే పోయేది ఆ గంట ఒక్కటే కాదు. ముందు కుర్చీలు సర్దడం, తర్వాత సన్మానాలు, శాలువాలు, ఫోటోలు అన్నీ కలిపి ఆదివారం సాయంత్రమంతా పోతుంది. ప్రసంగాలకు పాఠశాల ఉంది, పురపాలక సమావేశ మందిరం ఉంది, కల్యాణ మండపం ఉంది. మాకు మాత్రం మరో చోటు లేదు.

హనుమకొండ పాఠకుడు:

తమ్ముడి ఇబ్బంది నిజమైనదే. అయినా గ్రంథాలయంలో సభ ఎందుకన్న ప్రశ్నకు తెలంగాణ అనుభవం ఒక జవాబు ఇస్తుంది. నిజాం కాలంలో సభలను కట్టడి చేసిన గస్తీ నిషాన్ 53 అనే ప్రభుత్వ ఉత్తర్వు వల్ల అనుమతి లేనిదే సభ జరపడం కష్టమైన రోజుల్లో, తెలుగువారు కూడి నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి మిగిలిన కొద్ది చోట్లలో గ్రంథాలయాలు ముఖ్యమైనవి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. మొదటిదాన్ని స్థాపించినవారిలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు గారే 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా చరిత్రను, శాస్త్రాన్ని సులభమైన తెలుగులో పుస్తకాలుగా వెలువరించారు. పుస్తకం వేయడం, గ్రంథాలయం పెట్టడం, సభ జరపడం వారికి వేరువేరు పనులు కావు.

అయితే నా భయం మరొకటి. వేదిక సిద్ధమైతే దాని మీదికి ఎక్కాలనుకునేవారు చాలామంది ఉంటారు. ఎన్నికలు దగ్గరపడితే ‘విజ్ఞాన ప్రసంగం’ పేరుతో పార్టీ ప్రసంగమే జరగవచ్చు. వక్తను ఎవరు ఎంపిక చేస్తారో, ఏ విషయాలకు తావు ఉండదో ముందుగా రాసి గోడకు అతికించకపోతే మొదలుపెట్టకపోవడమే మేలు.

విశ్రాంత గ్రంథపాలకురాలు:

ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను పనిచేసిన ఒక శాఖలో ఇటువంటి ప్రసంగాలు కొంతకాలం నడిపాము. పొదుపు గురించి చెబుతామని వచ్చిన ఒక వక్త అరగంట తర్వాత సంచిలోంచి బీమా దరఖాస్తులు తీసి శ్రోతలకు పంచడం మొదలుపెట్టారు. ఆ రోజు వచ్చిన ఇద్దరు వృద్ధులు ఆ తర్వాత మరి రాలేదు. అందుకే అమ్మకం, పార్టీ ప్రచారం, మత ప్రచారం ఈ మూడింటికీ తావులేదన్న నియమం మొదటి రోజునుంచే ఉండాలి.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతాము. వ్యాసరచన పోటీలు, ముగ్గుల పోటీలు, బహుమతులు ఉంటాయి. పిల్లలతో మందిరం కళకళలాడుతుంది. ఇరవై ఒకటో తేదీన మళ్లీ ఎవరి దారి వారిదే. ఏడాదికి ఒక వారం జరిగే పండుగ వల్ల అలవాటు ఏర్పడదు. నెలకొకసారి పెడితే ఎప్పుడన్నది జనం మరచిపోతారు. వారం వారం, ఒకే రోజు, ఒకే వేళకు జరిగితేనే ‘ఈరోజు ఆదివారం కదా, అక్కడేదో చెబుతారట’ అని ఇంట్లో అనుకుంటారు. ఏడాదికి 52 మంది వక్తలు ఎక్కడ దొరుకుతారని అడుగుతారేమో, అంతమంది అవసరం లేదు. ఒక విషయాన్ని నాలుగు వారాలు చెప్పించాలి. మధుమేహమైతే మొదటి వారం వ్యాధి స్వభావం, రెండో వారం ఆహారం, మూడో వారం కాళ్లు, కళ్ల సంరక్షణ, నాలుగో వారం కేవలం సందేహాలు. ప్రసంగం అయ్యాక అదే విషయం మీద మన దగ్గరున్న పుస్తకాలను బల్ల మీద పరచాలి. మా శాఖలో అలా చేసిన వారాల్లో ఇంటికి తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య పెరగడం నేను రిజిస్టరులో చూశాను.

వేళ విషయంలో ఒక మాట. సాయంత్రం ఆరు గంటలకు పెడితే ఆడవాళ్లు రారు, అది వంట వేళ. మా వంటి శాఖలు మధ్యాహ్నం మూసి ఉంటాయి కనుక మూడు గంటలకు ప్రసంగం పెట్టి, నాలుగింటికి మామూలుగా పఠన మందిరం తెరిస్తే ఎవరి చదువూ చెడదు.

గ్రూప్స్ అభ్యర్థి:

అమ్మా, మీరు చెప్పిన ఏర్పాటు వినడానికి బాగానే ఉంది కానీ, అక్కడే మా అసలు బాధ ఉంది. మధ్యాహ్నం కూడా మందిరం తెరిచి ఉంచమని మేము ఎన్నిసార్లు అర్జీ పెట్టుకున్నా సిబ్బంది లేరన్న సమాధానమే వచ్చింది. చదువుకుంటామన్నవారికి తెరుచుకోని తాళం ప్రసంగమంటే ఎలా తెరుచుకుంటుంది?

ఒక శ్రోత:

ఇదంతా ఎందుకని నా ప్రశ్న. మధుమేహం మీదా, భూమి చట్టాల మీదా తెలుగులో యూట్యూబ్‌లో లెక్కలేనన్ని ప్రసంగాలు ఉన్నాయి. ఇంట్లో కూర్చుని వినగలిగినదాని కోసం పెద్దవాళ్లు ఎండలో నడిచి రావాలా?

జిల్లా కోర్టు న్యాయవాది:

ఫోనులో వినేవారు తమ సందేహాన్ని అడగలేరు. పట్టాదారు పాసుపుస్తకంలో ఒక విస్తీర్ణం, ఊరి భూముల, పంటల లెక్క రాసే అడంగల్‌లో మరొక విస్తీర్ణం ఉన్న రైతుకు కావలసింది సాధారణ ప్రసంగం కాదు, తన కాగితం చూపించి ‘ఇప్పుడు ఏ కార్యాలయానికి వెళ్లాలి’ అని అడిగే అవకాశం. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చినా, ఆ దరఖాస్తు ఎవరి పేరున రాయాలో తెలియక ఆగిపోయేవారు ఇప్పటికీ నా దగ్గరకు వస్తుంటారు. పైగా ఆ ఫోనులోనే మోసగాళ్లూ ఉన్నారు. ‘డిజిటల్ అరెస్టు’ అంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు దోచుకుంటున్న రోజుల్లో, అటువంటి అరెస్టు మన చట్టంలో లేనే లేదని, డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలని ఒక పెద్దాయనకు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడానికీ, మరో వీడియో పంపడానికీ చాలా తేడా ఉంది. ఆ వీడియో నిజమో అబద్ధమో ఆయన ఎలా తేల్చుకుంటాడు? నాలుగు ఆదివారాలు ఉచితంగా వచ్చి చెప్పడానికి నేను సిద్ధం. శాలువా వద్దు.

విశ్రాంత గ్రంథపాలకురాలు:

తాళం గురించి బాబు అడిగిన ప్రశ్నను దాటవేయడం తగదు. చాలా శాఖల్లో గ్రంథపాలకులు ఒక్కరే. పుస్తకం ఇచ్చేదీ, పత్రికలు సర్దేదీ, ఊడ్పించేదీ వారే. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు వసూలవుతుంది. వసూలు చేసిన స్థానిక సంస్థ దాన్ని సకాలంలో జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయనిచోట ఖాళీలు నిండవు, కొత్త పుస్తకాలు రావు, ఫ్యాన్ల మరమ్మతు కూడా ఆగిపోతుంది. కుర్చీ కోసం అభ్యర్థులూ, ప్రసంగం కోసం పెద్దలూ ఒకరితో ఒకరు పోటీ పడుతున్నారు కానీ, ఇద్దరికీ రావలసిన సొమ్ము ఒకేచోట ఆగి ఉంది. ప్రసంగాల అర్జీలోనే మధ్యాహ్నం మందిరం తెరిచి ఉంచాలన్న కోరికనూ, సెస్సు బకాయిల లెక్క బయటపెట్టాలన్న కోరికనూ చేర్చండి.

బాపట్ల జిల్లా పాఠకుడు:

చేరుస్తాము. ప్రసంగం పఠన మందిరంలో కాక వెనుక వరండాలో, మైకు లేకుండా, మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు జరగాలని కూడా మార్చి రాస్తాము. వక్తల ఎంపికకు గ్రంథపాలకులతో పాటు ముగ్గురు పాఠకుల సంఘం ఉంటుంది. అందులో ఒకరు తప్పనిసరిగా పరీక్షలకు చదివే అభ్యర్థి కావాలి.

గ్రూప్స్ అభ్యర్థి:

అలా రాస్తే నేను సంతకం చేస్తాను, మా గదిలోని మిగతా ముగ్గురినీ అడుగుతాను. అయితే నోటిఫికేషన్ వచ్చి పరీక్ష తేదీ ప్రకటించాక, చివరి నెల రోజులు ప్రసంగాలు మరోచోటికి మార్చాలని కూడా రాయాలి. వరండాలో మాట్లాడినా లోపలికి వినిపిస్తుంది, ఆ నెలలో అది మాకు చాలా కష్టం. ఆ ఒక్క వాక్యం లేకపోతే మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంటుంది.