టాలీలో బస్తాలు, తరుగు గడులు కనబడటం లేదు – టీడీఎల్ తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న (పలాస, జీడిపప్పు మిల్లు గుమాస్తా):
నమస్కారమండి. ఉద్దానం రైతుల దగ్గర జీడిపిక్కలు 80 కిలోల బస్తాల లెక్కన కొంటాం. ఖాతాల సాఫ్ట్‌వేర్ టాలీలో, కొనుగోలు వోచరులో బస్తాల సంఖ్య, నెమ్ము తరుగు రాసుకోవడానికి రెండు గడులు కావాలని అప్పట్లో టీడీఎల్ (టాలీకి అదనపు సదుపాయాలు చేర్చే ప్రోగ్రామ్ భాష) రాయించాం. ఈ వారం కంప్యూటర్ మార్చి, టాలీ ప్రైమ్‌లో బ్యాకప్ రీస్టోర్ చేశాం. ఖాతాలన్నీ సరిపోయాయి, ఆ రెండు గడులే లేవు. సీజన్ తరుగు లెక్కలు పోయినట్టేనా? రైతులు చీటీలు పట్టుకుని వస్తున్నారు.

జవాబు (విజయనగరం):
పోలేదండి. మీరు నింపిన విలువలు కంపెనీ డేటాలోనే ఉంటాయి. వాటిని తెర మీద చూపించే ఫైలు పాత కంప్యూటర్‌లో ఉండిపోయింది, బ్యాకప్‌తో అది రాదు. టీడీఎల్, టీఎక్స్‌టీ లేదా టీసీపీ (కంపైల్ చేసిన టీడీఎల్) రకం ఫైలు కోసం వెతకండి. ఎఫ్1 నొక్కి ‘టీడీఎల్స్ అండ్ యాడ్ఆన్స్’లోకి వెళ్లి, ఎఫ్4 నొక్కి, స్టార్టప్‌లో లోడ్ కావాలా అన్నచోట ‘యస్’ పెట్టి ఫైలు ఉన్న చోటు చూపించండి. పక్కన ‘యాక్టివ్’ అని రావాలి. అంతవరకు పాత వోచర్లను తెరిచి సేవ్ చేయకపోవడం మంచిది.

జవాబు (శ్రీకాకుళం, టీడీఎల్ రాస్తాను):
టీసీపీని ఫలానా లైసెన్సు సీరియల్ నంబరుకే పనిచేసేలా కట్టి ఇచ్చే వీలుంది. మీ లైసెన్సు పాతదే అయితే భయం లేదు.

ఫైలు దొరకలేదని మరొకరి చేత అవే పేర్లతో కొత్త గడులు రాయించకండి. టాలీ గుర్తుపట్టేది గడి పేరును కాదు, ఆ యూడీఎఫ్ (మనం సొంతంగా చేర్చుకున్న గడి) రకాన్ని, దానికిచ్చిన అంకెను. అంకె మారితే పాత విలువలు డేటాలో ఉన్నా కంటికి కనబడవు. టీడీఎల్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ‘సిస్టమ్ : యూడీఎఫ్’ కింద గడి పేరు, రకం, అంకె వరుసగా ఉంటాయి. టీసీపీ అలా చదవడానికి రాదు. అందుకే డబ్బు చెల్లించే ముందే మూలం ఫైలు అడిగి తీసుకోవాలి. ఇవ్వనంటే ఆ బేరం వదులుకోండి, నా తోటి వృత్తివారికి కోపం వచ్చినా సరే.

అసలు ఈ పనికి టీడీఎల్ ఎందుకో నాకు అర్థం కాలేదు. పిక్కలకు కిలో అసలు యూనిట్‌గా, బస్తా ప్రత్యామ్నాయ యూనిట్‌గా స్టాక్ ఐటమ్‌లోనే పెట్టుకోవచ్చు. తరుగుకు ఎఫ్11లో ‘యాక్చువల్’ (నిజంగా వచ్చిన), ‘బిల్డ్’ (బిల్లు వేసే) పరిమాణాలు వేరుగా చూపే సదుపాయం ఉంది. పది బస్తాలకు 16 కిలోల తరుగు అనుకుంటే యాక్చువల్ 800, బిల్డ్ 784. రైతుకు 784 కిలోలకే డబ్బు, స్టాకులోకి 800. ఎండాక తగ్గే బరువును స్టాక్ జర్నల్‌లో రాసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
పాత హార్డ్‌డిస్క్‌లో టీసీపీ దొరికింది, గడులు వచ్చాయండి! వచ్చే సీజన్‌కు మీరు చెప్పిన పద్ధతికి మారతాం. ఈ సీజన్‌కు మాత్రం రైతువారీగా బస్తాలు, తరుగు ఒక పట్టికలో కావాలి. రాసినాయన ఫోను ఎత్తడం లేదు.

జవాబు (శ్రీకాకుళం):
దానికి టీడీఎల్ అవసరమే. కొత్త గడులు చేర్చకుండా, ఉన్న రెండింటినే చదివి కూడే రిపోర్టు రాయించండి. అంకెల కోసం ఆయన ఫోను ఎత్తనక్కర్లేదు. టీసీపీ లోడ్ అయి ఉండగా ఒక కొనుగోలు వోచరును ఎక్స్ఎంఎల్‌గా ఎగుమతి చేసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ‘యూడీఎఫ్’తో మొదలయ్యే వరుసల్లో ‘టైప్’, ‘ఇండెక్స్’ ఉంటాయి. ఆ రెండూ రిపోర్టు రాసేవారికి ఇవ్వండి. ముందు కంపెనీ డేటా నకలు మీద నడిపించి, మొత్తాలు మీ చీటీలతో సరిపోయాకే అసలు దాని మీద వాడండి.