నకజిమా ఫుగాకు బాంబర్ సీరియస్ ప్లానేనా?

గాలిమోటర్:
నిన్న రాత్రి అమెరికా వాళ్ల బి-29 బాంబర్ గురించి చదువుతూ చదువుతూ జపాన్ వాళ్ల ఫుగాకు దగ్గర తేలాను. ఆరు ఇంజిన్లంట, రెక్కలు ఈ చివర్నుంచి ఆ చివరికి 60 మీటర్ల పైనే, బి-29కే 43 కదా. జపాన్‌కి ఉత్తరాన ఉన్న కురిల్ దీవుల్లో లేచి అమెరికా మీద బాంబులేసి, వెనక్కి రాకుండా అట్నుంచటే జర్మనీ చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లో దిగాలంట. నిజంగా చేద్దామనే అనుకున్నారా, ఊరికే గీసుకున్న బొమ్మా? 1944లో ఎందుకాపేశారు?

రేడియల్ బాబాయ్:
సీరియస్సే తమ్ముడూ. 1942లో దీన్ని తలకెత్తుకుంది కంపెనీ పెట్టిన నకజిమా చికుహేయే, ఆయన మాజీ నేవీ ఆఫీసరు, రైల్వే మంత్రిగా కూడా చేశాడు, ఆయన మాటకి బాగానే విలువుండేది. దెబ్బంతా ఇంజిన్ దగ్గరే. ఒక్కోటి 5000 హార్స్‌పవర్ కావాలి, అది వాళ్ల దగ్గర లేదు, సరే 18 సిలిండర్లవి రెండు ఒకదాని వెనక ఒకటి తగిలించి 36 సిలిండర్లది చేద్దామనుకున్నారు. అది గాలికి చల్లబడే రకం, పైగా నాలుగు వరుసలు. మన పెళ్లిళ్లలో ముందు ఒక్క కూలర్ పెడతారు చూడు, ముందు కుర్చీల చుట్టాలకి హాయి, వెనకాలవాళ్లకి ఉడుకే, ఇదీ అంతే.

పాతమ్యాప్:
బాబాయ్ చెప్పింది కరెక్టే గానీ ఇంజిన్ కుదిరినా కట్టేవాళ్లు కాదేమో. 1944 జులైలో పసిఫిక్‌లోని సైపాన్ దీవి అమెరికా చేతికి పోయింది, అక్కడ్నుంచి టోక్యోకి బి-29 వచ్చి పోగలదు, ఇక ఉన్న కాస్త అల్యూమినియం ఫైటర్లకే చాలట్లేదు, అమెరికా దాకా పోయే బాంబర్ ఎవడికి కావాలి. ఆ నవంబర్ 24న సైపాన్ నుంచి టోక్యో మీదకి మొదటిసారి వచ్చిన బి-29ల టార్గెట్ ఏంటో తెలుసా, ముసాషినోలో నకజిమా వాళ్ల ఇంజిన్ ఫ్యాక్టరీ!

గాలిమోటర్:
అమ్మో. థాంక్స్ ఇద్దరికీ. ఇంకో డౌట్, 1942 ఏప్రిల్ 6న మా వైజాగ్, కాకినాడ మీద బాంబులేసినవి కూడా ఇలాంటి లాంగ్ రేంజివేనా?

పాతమ్యాప్:
కాదు బ్రో, ర్యూజో అనే విమానవాహక నౌక బంగాళాఖాతంలోకే వచ్చేసింది, దాని మీంచి లేచిన ఒంటి ఇంజిన్ విమానాలు అవి. అవీ నకజిమా డిజైనే.