తిరుపతిలో ఒక రోజు ఐరిష్ వర్క్‌షాప్: గడ్డి శిలువ, టిన్ విజిల్, కేలీ డ్యాన్స్‌కు ఏర్పాట్లు ఎలా?

అలిపిరి టీచర్:
అందరికీ నమస్కారం. ఫిబ్రవరి 1 ఆదివారం తిరుపతిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఒక వర్క్‌షాప్ పెడుతున్నాం. ఐర్లండ్‌లో ఆ రోజు సెయింట్ బ్రిజిడ్ పండగ, అక్కడివాళ్ళ లెక్కలో వసంతం మొదలయ్యే రోజు. పిల్లలు 24 మంది, సమయం ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా. బ్రిజిడ్ శిలువ అల్లడం, టిన్ విజిల్ (చిన్న పిల్లనగ్రోవి లాంటిది), బౌరాన్ (చేత్తో పట్టుకునే చర్మవాద్యం), కేలీ డ్యాన్స్ (ఐరిష్ బృంద నృత్యం), కెల్టిక్ ముడుల (పెనవేసుకున్న గీతల) డ్రాయింగ్ పెట్టాలని ఉంది. నా సందేహాలు ఇవి. శిలువకు వాళ్ళు వాడే రష్ గడ్డి ఇక్కడ దొరకదు కదా, బదులుగా ఏం వాడాలి? సంగీతం రాని పిల్లలకు విజిల్ ఒక్క పూటలో వస్తుందా? బౌరాన్ బదులు డప్పు వాడొచ్చా? హాల్లో గ్రానైట్ ఫ్లోర్, దాని మీద డ్యాన్స్ చేయించొచ్చా?

తుంగచాప:
టీచర్ గారూ, ఐదు అంశాలు ఎక్కువైపోతాయి. ముడుల డ్రాయింగ్ తీసేయండి, అది ఒక్కటే ఒక పూట తింటుంది. శిలువ సంగతి వరకు నేను చెప్తాను.

వాళ్ళ రష్ గుండ్రని కాడ, లోపల మెత్తటి బెండు ఉంటుంది, అందుకే మడిచినా విరగదు. మన చెరువు గట్ల మీద, స్వర్ణముఖి ఒడ్డున దొరికే తుంగ చూడ్డానికి దగ్గరగా ఉన్నా కాడ మూడు పలకలుగా ఉంటుంది, మడత దగ్గర పలక చిట్లిపోతుంది. వాడాలంటే కాడను బల్ల మీద పెట్టి గరిటె వెనకభాగంతో ఒక్కసారి నొక్కి చదును చేయాలి. ఆకు అంచులు చేతులు కోస్తాయి, కాబట్టి కాడలే తీసుకోండి. ముందురోజు కోసి తడి గోనెసంచిలో చుట్టి పెడితే చాలు. పచ్చి కాడల్ని నీళ్ళలో నానబెట్టకండి. ఉబ్బిన కాడ ఆరాక సన్నబడి అల్లిక మొత్తం వదులైపోతుంది.

పిల్లలకైతే నేను కొబ్బరాకే చెప్తాను. ఈనె తీసేస్తే ఒక్కో ఆకు రెండు పట్టీలవుతుంది. కొస వైపు సన్నగా ఉన్న భాగం పారేసి ఒక అడుగు పొడవు ముక్కలు కోయండి. ఒక శిలువకు 16 ముక్కలు కావాలి, విరిగేవాటికి ఇంకో నాలుగు. 24 మందికి 480 ముక్కలు. ఒక మట్టకు రెండు వందల దాకా ఆకులుంటాయి కాబట్టి ఒక్క మట్ట సరిపోతుంది, చీలిపోయేవి ఉంటాయి గనక రెండు తెప్పించండి. లేతాకు వద్దు, అది ఆరాక బాగా ముడుచుకుంటుంది.

అల్లిక ఇలా. ఒక ముక్కను నిలువుగా పట్టుకోవాలి. రెండోదాన్ని సగానికి మడిచి మొదటిదాని మధ్యలో ఎడమ నుంచి కుడికి చుట్టాలి, కొసలు రెండూ కుడివైపు ఉండాలి. మధ్యలో బొటనవేలు, చూపుడువేలితో గట్టిగా పట్టుకుని మొత్తాన్ని అపసవ్యంగా పావు చుట్టు తిప్పాలి. ఇప్పుడు ఆ రెండు కొసలు పైకి వస్తాయి. మూడో ముక్కను మడిచి, పైకి నిలబడ్డవన్నీ లోపలికి వచ్చేలా వాటి మీదుగా మళ్ళీ కుడికే వేయాలి. లాగి బిగించాలి, మళ్ళీ అపసవ్యంగా పావు చుట్టు. ముక్కలు అయ్యేదాకా ఇదే వరస. చివరి ముక్క వేశాక పట్టు వదలకుండా నాలుగు చేతులకూ నూలు దారం కట్టి కొసలు సమానంగా కత్తిరించాలి.

తప్పు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి, మధ్యలో ఒకసారి సవ్యంగా తిప్పేయడం. అప్పుడు ఒక చేయి లావుగా, పక్కది సన్నగా వస్తుంది. దీనికి మందు, ప్రతి పిల్లాడి ముందు కాగితం మీద బాణం గీసి పెట్టడమే. రెండోది, ప్రతి మడతనూ మధ్యకు లాగి బిగించకపోవడం. మధ్యలో చతురస్రం పడాల్సింది సందులు పడి వంకరవుతుంది. అల్లడం అయ్యాక దాన్ని బిగించడం కుదరదు, విప్పాల్సిందే. ముందే ముగించినవాళ్ళకు మూడు చేతుల శిలువ ఇవ్వండి. పావు చుట్టు బదులు మూడో వంతు తిప్పితే అది వస్తుంది.

ఇంటికెళ్ళాక రెండు రోజులకు ఆకు ఆరి దారాలు వదులవుతాయి, మళ్ళీ కట్టుకోమని చెప్పి పంపండి. వాళ్ళు దీన్ని పండగ ముందురోజు, జనవరి 31 సాయంత్రం, అల్లి ఇంటికి అగ్ని భయం లేకుండా గుమ్మం పైన పెడతారు. గడ్డిని కోయకుండా చేత్తో పీకి తేవడం ఆచారం. ఈ రెండు మాటలు పిల్లలకు తప్పకుండా చెప్పండి. లేకపోతే అది ఉత్త పేపర్ క్రాఫ్ట్ పీరియడ్ అయిపోతుంది.

రెండు శ్రుతి:
విజిల్ గురించి. ఒక్క పూటలో పాట రాదు, కానీ మూడు స్వరాలు శుభ్రంగా వస్తాయి. గంటన్నర ఇవ్వండి, అంతకు మించితే పిల్లల చెవులూ మీ చెవులూ తట్టుకోవు.

అందరికీ డి శ్రుతి విజిల్ (డి, ఈ, జి, ఏ, బి అన్నవి పాశ్చాత్య స్వరాల పేర్లు), అదీ ఒకే కంపెనీవి కొనండి. వేర్వేరు రకాలు కలిపితే శ్రుతి కలవదు, తలభాగం జరిపే వీల్లేని విజిల్‌లో దాన్ని సరిచేసుకోవడం కూడా కుదరదు. రేకుతో చేసిన పాత తరహా క్లార్క్ విజిల్ మూతిలో చెక్క బిరడా ఉంటుంది, దాన్ని నీళ్ళలో కడగకూడదు. ప్లాస్టిక్ మూతి ఉన్నవే పిల్లలకు మేలు. ఒకరి విజిల్ ఇంకొకరు ఊదకుండా పేరు రాసి అంటించండి.

ఆరు రంధ్రాలు. పై మూడింటికి ఎడమచేయి, కింది మూడింటికి కుడిచేయి. అన్నీ మూస్తే డి, కింద నుంచి ఒక్కో వేలు ఎత్తుకుంటూ పోతే శంకరాభరణం ఆరోహణ. మన వేణువులో పై రెండు మూసిన చోట షడ్జమం కాబట్టి, వేణువు నేర్చుకునే పిల్లలు మొదట తికమక పడతారు. వాళ్ళకు విడిగా చెప్పాలి.

మొదలుపెట్టేటప్పుడు డి జోలికి పోవద్దు. ఆరు రంధ్రాల్లో ఏది కాస్త తెరుచుకున్నా, ఊపిరి కొంచెం ఎక్కువైనా కిందిది పలకదు, పై స్థాయికి ఎగిరి కీచుమంటుంది. ఎడమచేతి మూడు వేళ్ళతో జి, తర్వాత మూడో వేలు ఎత్తి ఏ, రెండోదీ ఎత్తి బి. ఈ మూడూ అరగంట. వేలి కొనతో కాకుండా మెత్తటి భాగంతో మూయాలి. తీసి చూస్తే వేలి మీద రంధ్రం అచ్చు గుండ్రంగా పడాలి. సగమే పడితే గాలి పోతున్నట్టే. మధ్యలో ఉన్నట్టుండి స్వరం బొంగురుపోతే అది పిల్లాడి తప్పు కాదు, మూతిలో తేమ చేరింది. కిటికీ లాంటి చీలికను వేలితో మూసి ఒక్కసారి గట్టిగా ఊదితే పోతుంది.

గమకాలు వేయనివ్వకండి. ఐరిష్ వాయిద్యంలో అలంకారం అంటే క్షణం పాటు పై వేలు ఎత్తి దించడం, దాన్ని కట్ అంటారు, లేదా కింది రంధ్రాన్ని తట్టి తీయడం. మొదటి రోజు అవేవీ అక్కర్లేదు, మీరు ఒకసారి వాయించి చూపితే చాలు. సంగీతం వచ్చిన పిల్లలు ఉంటే ఒకటి చేయించండి. అవే వేళ్ళతో ‘ఈ’ స్వరం నుంచి పై ‘ఈ’ దాకా వాయిస్తే ఖరహరప్రియ, ‘ఏ’ స్వరం నుంచి పై ‘ఏ’ దాకా హరికాంభోజి. ఐరిష్ ట్యూన్లు చాలావరకు ఇలా ఆధార స్వరం మార్చుకునే గ్రహభేదాల మీదే తిరుగుతాయి. ఆ పిల్లలు అక్కడికక్కడే పట్టేస్తారు.

తకిట:
బౌరాన్ బదులు డప్పు వద్దండీ. డప్పును బిగువుగా కాచి రెండు కర్రలతో గట్టిగా పలికిస్తారు. బౌరాన్‌కు ఒకటే పొట్టి కర్ర, దాని రెండు కొసలూ వాడతారు, ఎడమచేయి లోపలి నుంచి మేకచర్మాన్ని నొక్కుతూ స్థాయి మారుస్తుంది. హాల్లో డప్పు మోగితే 24 విజిళ్ళూ వినబడవు. డప్పుకూ అది న్యాయం కాదు.

పిల్లలకు చేతులతో తాళం చాలు. ఐరిష్ ట్యూన్లలో జిగ్, రీల్, స్లిప్ జిగ్ అని నడకలు ఉంటాయి. జిగ్ అంటే తకిట తకిట, ప్రతి ‘త’ మీద ఊనిక. రీల్ అంటే తకధిమి తకధిమి. స్లిప్ జిగ్‌కు మూడు తకిటలు. ఒకవేళ బౌరాన్ ఎవరైనా తెస్తే దాన్ని ఎండలో గానీ కారులో గానీ పెట్టనివ్వొద్దు. తిరుపతి ఎండకు చర్మం బిగుసుకుని స్థాయి పైకి పోతుంది, మరీ బిగిస్తే చిరుగుతుంది. బిగిసిందనుకుంటే లోపలి వైపు తడిచేత్తో రుద్ది కాసేపు ఆగాలి.

పదం తప్పొద్దు:
డ్యాన్స్ సంగతి. గ్రానైట్ మీద గెంతించకండి. ఐరిష్ అడుగులు ముని వేళ్ళ మీద పడతాయి, బండ నేల మీద పిక్కలు, మడమలు పట్టేస్తాయి. సాక్సులతో అయితే జారిపడతారు. చెక్క స్టేజి ఉంటే అక్కడ, లేకపోతే షామియానా వాళ్ళ దగ్గర మందపాటి తివాచీ తెచ్చి అంచులు టేపుతో అంటించండి. గెంతు లేకుండా నడకతోనే చేయించినా కేలీ కేలీనే.

మొదట జంటలు అక్కర్లేని బ్రెటన్ డ్యాన్స్ ‘అన్ డ్రో’ పెట్టండి. అది ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతానిది, కెల్టిక్ సంప్రదాయమే. వలయంగా నిలబడి చిటికెనవేళ్ళు కలిపి పట్టుకోవాలి. ఎడమకు మూడు అడుగులు, ఉన్నచోటే మూడు అడుగులు, అంతే. పది నిమిషాల్లో బెరుకు పోతుంది.

తర్వాత ‘వాల్స్ ఆఫ్ లిమరిక్’. జంటకు ఎదురుగా జంట, 24 మందికి ఆరు గుంపులు, ఒక వరస. ఒక ఆవృత్తం 32 బార్లు (బార్ అంటే పాశ్చాత్య తాళంలో ఒక కొలత). మొదటి 8 బార్లలో ముందుకు, వెనక్కు రెండుసార్లు. తర్వాతి 8లో ముందు కుడివైపు నిలబడే ఇద్దరు పక్క అడుగులతో స్థానాలు మార్చుకుంటారు, ఆపైన ఎడమవైపు ఇద్దరు. మూడో 8లో ఎదుటివాళ్ళ కుడిచేయి పట్టుకుని పక్కకు వెళ్ళి రావడం. చివరి 8లో తమ జంటతో తిరుగుతూ అవతలి జంటను దాటి కొత్త జంటకు ఎదురుగా నిలబడాలి. గందరగోళం ఎప్పుడూ ఇక్కడే. వరస చివరికి చేరిన జంటకు ఎదురు ఎవరూ ఉండరు. వాళ్ళు ఒక ఆవృత్తం ఆగి, అటు తిరిగి, మళ్ళీ కలవాలి. ఇది ముందే చెప్పకపోతే వరస మొత్తం ఆగిపోతుంది.

ఆడ, మగ అని విడదీయకుండా కుడివైపు వాళ్ళకు ఎర్ర రిబ్బన్, ఎడమవైపు వాళ్ళకు పచ్చ కట్టండి. కోలాటం వచ్చిన పిల్లలను వరస రెండు చివర్లలో పెట్టండి, జంట మారడం వాళ్ళకు అలవాటే.

అలిపిరి టీచర్:
చాలా థాంక్స్ అండీ. డ్రాయింగ్, బౌరాన్ తీసేశాను. 10 నుంచి శిలువ, 11:30కి విజిల్, భోజనం, 2 నుంచి డ్యాన్స్ అనుకుంటున్నా. సరేనా?

తుంగచాప:
విజిల్ ముందు పెట్టండి. కొబ్బరాకు చీల్చిన చేతులకు జిగురు, నార అంటుకుంటాయి, వేళ్ళు రంధ్రాల మీద సరిగా ఆనవు. 10కి విజిల్, 11:30కి శిలువ. ఆకు ముక్కలు మాత్రం ఉదయం కోసినవే వాడండి, అప్పటిదాకా తడిగుడ్డ కప్పి ఉంచాలి.

పదం తప్పొద్దు:
డ్యాన్స్ 2:30కి జరపండి. భోంచేసిన వెంటనే తిప్పితే డొక్కలో నొప్పి వస్తుంది. ఆ అరగంట కూర్చోబెట్టి తకిట, తకధిమి చేతులతో వేయించండి, తాళం అలా వచ్చేస్తుంది.