పాత కారులో హీటెడ్ లెదర్ సీటు: వీపు దగ్గర వేడి వస్తోంది, కింద రావట్లేదు. విప్పితే బాగుచేయగలనా?

ప్రశ్న (మిషిగన్, నోవీ నుంచి):

అందరికీ నమస్కారం. మాది 2008 మోడల్ జపనీస్ సెడాన్. లెదర్ సీట్లు, ముందు రెండింటికీ హీటర్ ఉంది. చలి మొదలైన దగ్గర్నుంచి డ్రైవర్ సీటు ఏదోలా ఉంది. స్విచ్ హైలో పెడితే వీపుకి వెచ్చగా తగులుతుంది కానీ కూర్చునే చోట చల్లగానే ఉంటుంది. లోలో పెడితే పైనా కిందా ఎక్కడా వేడి రాదు, స్విచ్ మీద లైట్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది. పక్క సీటు బాగానే ఉంది. ఇది కాక డ్రైవర్ సీటుకి తలుపు వైపు అంచున లెదర్ పగిలి లోపలి ఫోమ్ కనిపిస్తోంది.

షాపులో అడిగితే సీటు మొత్తం మార్చాలి అన్నారు, వాళ్లు చెప్పిన రేటు ఈ పాత కారుకి పెట్టడం దండగ అనిపించింది. ఇంజిన్ బంగారంలా ఉంది, అందుకే కారు వదులుకోవాలని లేదు. జనవరిలో అమ్మానాన్న వస్తున్నారు, ఇక్కడి చలికి వాళ్లకి ఈ సీట్లు చాలా అవసరం. మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు. సీటు మాత్రం ఎప్పుడూ విప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి ప్లీజ్.

జవాబు:

బ్రదర్, ఆ హై, లో విషయం రాయడం మంచిదైంది, సగం జవాబు అందులోనే ఉంది. ఆ కాలం కార్లలో చాలావాటికి వైరింగ్ ఇలా ఉంటుంది: వేడెక్కే సన్నటి తీగ ఉన్న ప్యాడ్ కూర్చునే చోట ఒకటి, వీపు దగ్గర ఒకటి. హైలో పెడితే రెండూ ప్యారలల్‌గా కలుస్తాయి, అంటే దేనికది విడిగా 12 వోల్టులు తీసుకుంటుంది. లోలో పెడితే రెండూ సిరీస్‌లోకి వస్తాయి, ఒకదాని గుండా వెళ్లిన కరెంటే రెండోదానిలోకి వెళ్లాలి. ఒక్కో ప్యాడ్ 3 ఓమ్‌లు అనుకుంటే హైలో మొత్తం 8 ఆంప్స్, అంటే 96 వాట్లు. లోలో 2 ఆంప్స్, 24 వాట్లు. ఇప్పుడు కింది ప్యాడ్ తెగిందనుకోండి, హైలో వీపు ప్యాడ్ ఒక్కటే వేడెక్కుతుంది, లోలో దారే తెగిపోయింది కాబట్టి రెండూ చల్లగా ఉంటాయి. మీరు చెప్పింది అచ్చం ఇదే. ఫ్యూజు బాగానే ఉంది, స్విచ్ కూడా దాదాపు బాగానే ఉన్నట్టు. సీటు మొత్తం మార్చాల్సిన పని ఎంతమాత్రం లేదు.

తెగేది కూడా ఎక్కువగా కింది ప్యాడే, అదీ డ్రైవర్ సీటుదే. రోజూ ఎక్కుతూ దిగుతూ అదే అంచు మీద బరువు వేస్తాం. వెనక సీటులో సామాను అందుకోవడానికి ముందు సీటు మీద మోకాలు పెట్టి వంగుతాం చూడండి, ఆ మోకాలు వీటికి పెద్ద శత్రువు, బరువంతా ఒకే చోట పడి సన్నటి తీగ పుటుక్కున తెగుతుంది.

అయినా లెదర్ విప్పే ముందు కొలిచి చూసుకోండి. సీటు కింద హీటర్ కనెక్టర్ ఉంటుంది, దాన్ని ఊడదీసి సీటు వైపు పిన్నుల మధ్య ఓమ్‌లు చూడండి. బాగున్న ప్యాడ్ సాధారణంగా 1 నుంచి 5 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. తెగినదైతే మీటరు అసలు కదలదు. ఏ పిన్ను దేనిదో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ వైరింగ్ బొమ్మలో ఉంటుంది, ఊహించి కొలవకండి.

మరొకరి జవాబు:

పైన అన్నగారు చెప్పిందంతా సరే కానీ సీటు కింద చెయ్యి పెట్టే ముందు ఇది చదవండి, దయచేసి దాటేయకండి. మీ సీటులో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి దానివి, లేదా సీట్ బెల్టుని బిగించే ప్రీటెన్షనర్‌వి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి, తీసిన వెంటనే మొదలుపెట్టకుండా కొన్ని నిమిషాలు ఆగండి, ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ యూనిట్ లోపల కొంత చార్జ్ నిలవ ఉంటుంది. ఎంతసేపు ఆగాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, నేనైతే టీ తాగి వచ్చి పట్టుకుంటాను. ఆ పసుపు వైర్ల మీద మల్టీమీటర్ ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. మీటరు పంపే చిన్న కరెంటు కూడా దాన్ని పేల్చే ప్రమాదం ఉంది కాబట్టే మెకానిక్‌లకి కూడా ఈ మాట ప్రత్యేకంగా చెబుతారు.

ఇంకోటి, పవర్ సీటు అయితే బ్యాటరీ తీశాక సీటు కదలదు. అందుకని ముందే సీటుని పూర్తిగా వెనక్కి జరిపి ముందు బోల్టులు తీసేసుకోండి, తర్వాత పూర్తిగా ముందుకు జరిపి వెనక బోల్టులు తీయండి, అప్పుడు బ్యాటరీ సంగతి చూడండి. కనెక్టర్లన్నీ ఊడదీశాక హెడ్‌రెస్ట్ తీసి, తలుపు అంచు మీద పాత దుప్పటి వేసి, ఇద్దరు పట్టుకుని దించండి. మోటార్లు ఉన్న సీటు బరువు మామూలుగా ఉండదు, కింద పట్టాల అంచులు పెయింట్‌ని గీరేస్తాయి, చేతులు కూడా కోస్తాయి. సీటు బయట ఉన్నంతసేపూ తాళం చెవి ఆన్ చేయొద్దు, చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైట్ పడుతుంది, మామూలు చిన్న స్కానర్లతో అది పోదు.

అడిగినవారు:

చాలా థాంక్స్ అండీ. వీకెండ్‌లో సీటు దించి గరాజ్‌లో పెట్టాను. వీపు ప్యాడ్ 2.8 ఓమ్‌లు చూపిస్తోంది, కిందది అసలు కదలట్లేదు. మీరు చెప్పినట్టే. తెగిన చోట తీగ అతికిస్తే సరిపోతుందా, ప్యాడ్ మార్చాలా? కొందరు థర్మోస్టాట్‌ని (వేడి మితిమీరకుండా కరెంటు ఆపే చిన్న బిళ్ల) షార్ట్ చేసేస్తే, అంటే దాన్ని దాటేసి తీగలు నేరుగా కలిపేస్తే, పనిచేస్తుంది అంటున్నారు, అది నిజమేనా?

జవాబు:

థర్మోస్టాట్ షార్ట్ చేయమన్న వాళ్ల మాట వినకండి. చాలా గట్టిగా చెబుతున్నాను. ప్యాడ్‌కి తనంతట తాను ఆగే తెలివి లేదు, కరెంటు ఉన్నంతసేపూ వేడెక్కుతూనే ఉంటుంది. దాన్ని ఆపేది ఆ చిన్న బిళ్లే. అది తీసేస్తే ఫోమ్ మాడుతుంది, లెదర్ మీద సిగరెట్ కాల్చినట్టు గోధుమ రంగు మచ్చ పడుతుంది, ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఫ్యూజు కొట్టేస్తోందని పెద్ద ఫ్యూజు వేయడం కూడా ఇంతే. ఎవరి సీటు మీదైనా అలాంటి మచ్చ ఇప్పటికే ఉంటే ఇది చదవడం ఆపి వెళ్లి హీటర్ ఫ్యూజు పీకేయండి.

కానీ మీ కేసులో థర్మోస్టాటే చెడిపోయి ఉండొచ్చు, అందుకని కవర్ తీశాక ప్యాడ్‌నీ దాన్నీ విడివిడిగా కొలవండి. పాత రకం అయితే చల్లగా ఉన్నప్పుడు సున్నాకి దగ్గరగా చూపించాలి, చూపించకపోతే అదే చెడింది.

అతికించడం విషయం. కవర్ తీశాక తీగ తెగిన చోటు చాలాసార్లు కంటికే కనిపిస్తుంది. తీగ చుట్టూ ఉన్న తెల్లటి గుడ్డ మీద చిన్న నల్లటి చుక్క ఉంటుంది, వేలితో రాస్తే పొడిలా రాలుతుంది. కనిపించకపోతే నెట్‌వర్క్ కేబుళ్లు వెతికే టోన్ ట్రేసర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఒక కొసకి టోన్ ఇచ్చి తీగ వెంట ప్రోబ్ కదుపుతూ పోతే తెగిన చోట చప్పుడు పడిపోతుంది. ఐటీ వాళ్లం కదా, మన ఆఫీసుల్లోనే దొరుకుతుంది. తెగిన చోటు దొరికాక ఒక్క చోటే తెగి, మిగతా తీగ మెత్తగా వంగుతుంటే నొక్కి బిగించే సన్నటి క్రింప్ గొట్టంతో కలపొచ్చు. చాలా హీటర్ తీగలకి టంకం సరిగా అంటుకోదు, అంటుకున్నా గట్టిపడి దాని పక్కనే మళ్లీ విరుగుతుంది. ఇంత కష్టపడి సీటు విప్పాక నా ఓటు మాత్రం కొత్త ప్యాడ్‌కే. పదిహేనేళ్లు దాటిన తీగ ఒక చోట తెగిందంటే ఇంకో చోట తెగడానికి సిద్ధంగా ఉంటుంది.

కొత్తది అంటే రెండు దారులు. కంపెనీ ప్యాడ్ దొరికితే అదే వేయండి, కనెక్టర్ సరిపోతుంది, ఓమ్‌లు సరిపోతాయి, పాత స్విచ్ అలాగే పనిచేస్తుంది. దొరక్కపోతే కార్బన్ ఫైబర్ కిట్లు ఉంటాయి, కంపెనీ ప్యాడ్ కంటే చాలా చవక. అయితే దాన్ని పాత వైరింగ్‌కి కలపొద్దు, ఓమ్‌లు తేడాగా ఉంటాయి. కిట్‌తో వచ్చే రిలే, ఫ్యూజు, స్విచ్ వాడి విడిగా వేసుకోండి. రెండు అంచుల వెంట పోయే రాగి పట్టీలని మాత్రం అడ్డంగా కోయకండి.

విప్పడం పెద్ద విద్యేం కాదు, ఓపిక కావాలి. కవర్ అంచు చుట్టూ ప్లాస్టిక్ కొక్కెం పట్టీ ఉంటుంది, దాన్ని ఫ్రేమ్ నుంచి తప్పించి కవర్‌ని మెల్లగా వెనక్కి మడవండి. ఫోమ్‌లో గాడుల దగ్గర హాగ్ రింగ్స్ అని చిన్న ఇనుప రింగులు కవర్‌ని ఫోమ్‌లోని తీగకి పట్టి ఉంచుతాయి. కట్టర్‌తో కోసేయండి, ఒక్కటి కూడా ఫోమ్‌లో వదలకండి, రేపు కొత్త ప్యాడ్‌కి గుచ్చుకునేది అదే. లెదర్ గట్టిగా ఉంటే హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చబెట్టండి, చలిలో లాగితే కుట్టు దగ్గర చిరుగుతుంది. పాత ప్యాడ్ జిగురుతో అంటుకుని ఉంటుంది, మెల్లగా ఒలిస్తే ఫోమ్ ఊడిరాకుండా వస్తుంది. కొత్తది వేసేటప్పుడు మడత పడకూడదు, దాని మీది థర్మోస్టాట్ లేదా సెన్సర్ పాతది ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే రావాలి. కవర్ మూసే ముందు విడి 12 వోల్టుల బ్యాటరీకి ఫ్యూజుతో కలిపి పక్కనే నిలబడి ఓ రెండు నిమిషాలు వేడెక్కనిచ్చి అరచేత్తో అంతా తడిమి చూడండి. ఎక్కడైనా ఒకచోట చురుక్కుమంటే అక్కడ మడత ఉన్నట్టే.

జవాబు (హైదరాబాద్ నుంచి):

నేను ఇక్కడ కుషన్ పని చేస్తాను. మా దగ్గర సీటు హీటర్లు ఎప్పుడో గానీ రావు కానీ లెదర్ పని రోజూ ఉంటుంది, అందుకని అంచు పగిలిన సంగతి చెబుతాను. కవర్ ఎలాగూ విప్పారు కదా, ఇదే మంచి సమయం, లోపలి నుంచి పట్టీ వేసేయండి, మూసేశాక వేయడం నరకం.

ముందు కవర్ తిరగేసి చూడండి. వెనక నూగుగా ఉంటే లెదర్, గుడ్డ నేత కనిపిస్తే రెగ్జిన్. లెదర్ సీట్లు అని అమ్మిన చాలా కార్లలో కూర్చునే మధ్యభాగమే లెదర్, పక్కలు రెగ్జిన్. పలచటి కాటన్ కాన్వాస్ ముక్కని చిరుగు కన్నా అన్ని వైపులా అంగుళం పెద్దగా కత్తిరించి, వంగే రకం లెదర్ జిగురుతో లోపల అంటించండి. ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ గ్లూ వద్దు, రాయిలా గట్టిపడి పక్కన కొత్త పగులు తెస్తుంది. పైనుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫిల్లర్ పలచగా పూత మీద పూత వేయండి, ప్రతి పూతా ఆరాకే తర్వాతది. 600 నంబర్ గరుకు కాగితంతో నున్నగా రుద్ది, రంగు, చివరికి క్లియర్ కోటు. రంగు కోడ్ చాలా కార్లలో డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో ఉంటుంది.

మనవాళ్లు లెదర్ మెరవడానికి కొబ్బరినూనె రాస్తారు, దయచేసి రాయకండి. ఈ సీట్ల మీద ప్లాస్టిక్ లాంటి పూత ఉంటుంది, నూనె అందులోంచి దిగదు, పగుళ్లలోకి మాత్రం దిగుతుంది, తర్వాత ఏ ఫిల్లరూ అక్కడ పట్టదు. తడిబట్ట, లెదర్ క్లీనర్ చాలు.

అడిగినవారు:

కంపెనీ ప్యాడ్ ఆర్డర్ చేశాను. రింగులు బిగించే ప్లయర్ లేదు, జిప్ టైలు వాడొచ్చా? ఇంకోటి, మా నాన్నకి చాలా ఏళ్లుగా సుగర్, కాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయి. ఆయన కూర్చునేది పక్క సీటులో. దాని లెదర్ కూడా విప్పి లోపల చూడాలా?

జవాబు:

సన్న జిప్ టైలు బాగా పనిచేస్తాయి, తోక మొదలంటా కోసి మొనని కిందికి తిప్పండి.

పక్క సీటు బాగా పనిచేస్తుంటే తాకకండి. అమెరికాలో అమ్మిన మీ కాలం కార్లలో పక్క సీటులో కూర్చున్నవాళ్ల బరువు తెలుసుకునే సెన్సర్ ఉంటుంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలా వద్దా అన్నది దాన్నిబట్టే. కుషన్ కదిలిస్తే దాన్ని మళ్లీ సున్నాకి సెట్ చేయాలి, దానికి తగిన స్కానర్ కావాలి. ఆ సీటు పాడైన రోజున షాపుకే ఇవ్వండి.

నాన్నగారి విషయం ఇంకా ముఖ్యం. సుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లకి వేడి సరిగా తెలియకపోవచ్చు. మనకైతే కాలగానే జరుగుతాం, ఆయనకి చర్మం కాలుతున్నా తెలియకపోవచ్చు, అలా కాలిన పుండు మానడం కూడా ఆలస్యం. ఒంటికి ఆనుకుని గంటల తరబడి ఉంటే 44 డిగ్రీల సెల్సియస్ వేడి కూడా కాలుస్తుంది. అందుకని కారు ఎక్కే ముందు సీటుని వెచ్చబెట్టండి, ఆయన కూర్చున్నాక లోలో పది నిమిషాలు ఉంచి మీరే ఆపేయండి, స్విచ్ ఆయనకి వదిలేయకండి. వెచ్చగా ఉంటుందని హీటర్ ఆన్‌లో ఉన్న సీటు మీద దుప్పటి గానీ దిండు గానీ పరచకండి, వేడి బయటికి పోక కింద ఇంకా పెరుగుతుంది. లాంగ్ డ్రైవ్‌లో హీటర్ ఆపి పైన శాలువా కప్పండి, అంతకన్నా మంచిది లేదు. ఇంటికి వచ్చాక తొడల వెనక ఎర్రబడిందేమో అమ్మగారిని ఒకసారి చూడమనండి.

అడిగినవారు:

ప్యాడ్ వచ్చింది, వేశాను, మూసే ముందు చేత్తో చూస్తే అంతా సమంగా వెచ్చబడింది. లెదర్‌కి లోపల పట్టీ వేశాను, పైన ఫిల్లర్ ఇంకా ఆరుతోంది. సీటు కారులో ఎక్కించే ముందు ఇంకేమైనా చూసుకోవాలా?

జవాబు:

కనెక్టర్లన్నీ, ముఖ్యంగా పసుపువి, టక్కుమని లాక్ పడ్డాయో లేదో వేలితో లాగి చూడండి, ఆ తర్వాతే బ్యాటరీ కలపండి. బోల్టులు టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఇచ్చిన లెక్కకి బిగించండి, ప్రమాదంలో మిమ్మల్ని పట్టి ఉంచేది అవే. సీటుని చివరి వరకూ ముందుకీ వెనక్కీ జరిపి కింద వైర్లు ఎక్కడా నలగడం లేదని టార్చ్ వేసి చూడండి. తర్వాత తాళం చెవి ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైట్ కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే కారు నడపకుండా ముందు బ్యాటరీ తీసి, ఆగి, మళ్లీ కనెక్టర్లు చూడండి.