తోటలో దొరికిన ఊసరవెల్లి పిల్లకు జబ్బు చేసింది: ఇంట్లోనే చూసుకోవాలా, అటవీ శాఖకు ఇచ్చేయాలా?

పొదలకూరు_నిమ్మ:
కాయలు కోసేటప్పుడు మా తోటలో వేలెడంత ఊసరవెల్లి పిల్ల కనిపించింది. విషపు జీవి అని కొందరు రాళ్లతో కొట్టబోతుంటే మా తమ్ముడు ఇంటికి తెచ్చి పాత చేపల తొట్టిలో పెట్టాడు. కొన్ని వారాలు బాగానే తిరిగింది. ఇప్పుడు కళ్లు లోతుకు పోయాయి, పగలు కూడా మూసుకునే ఉంటోంది. ముందు కాలు వంకర తిరిగింది. మిడత ఎదురుగా ఉన్నా నాలుక అందుకోవడం లేదు. గిన్నెలో నీళ్లు పెడితే ముట్టదు. నాన్న అటవీ శాఖకు ఇచ్చేయమంటున్నారు, తమ్ముడు బాగయ్యేదాకా ఇవ్వనంటున్నాడు. కేసు పెడతారేమోనని అమ్మకు టెన్షన్. ఏం చేయమంటారు?

కావలి_కుర్రోడు:
ఇవ్వొద్దన్నా. వాళ్లు ఏదో ఒక చెట్టు మీద వదిలేసి పోతారు. తల్లి లేని పిల్ల, కాకి ఎత్తుకుపోతుంది. కాస్త సున్నపు తేట తాగించండి, ఎముక గట్టిపడుతుంది. కోలుకున్నాక మీ తోటలోనే వదలండి.

పెన్నాతీరం:
సున్నం వద్దే వద్దు తమ్ముడూ, నోరూ గొంతూ పుండ్లు పడతాయి. తల్లి సంగతికొస్తే, ఊసరవెల్లి మట్టిలో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. పిల్లలు పుట్టిన రోజు నుంచే సొంతంగా వేటాడుకుంటాయి. దీనికి తల్లి లేని లోటు లేదు, గాజు పెట్టె వల్లే కష్టమంతా.

మీరు చెప్పిన గుర్తులు చూస్తే రెండు అనుమానాలు వస్తున్నాయి. కాళ్లు వంగడం, నాలుక సాగకపోవడం కాల్షియం లోపంలో కనిపిస్తాయి. ఎండలోని యూవీబీ కిరణాలు చర్మానికి తగిలితేనే డి3 విటమిన్ తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, శరీరం ఎముకల్లోంచే లాక్కుంటుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను దాదాపు ఆపేస్తుంది. అందుకే గదిలో వెలుతురు ఉన్నా లాభం లేదు. కళ్లు లోతుకు పోవడం ఎక్కువగా నీళ్లు చాలక. ఇవి గిన్నెలో తాగవు, ఆకుల మీది చుక్కలు నాకుతాయి. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగులో ఉంటే నీళ్లు బాగా తగ్గాయని అర్థం.

ఇప్పుడే తొట్టిలోంచి తీసి, గాలి ఆడే జాలీ బుట్టలో కొమ్మలూ ఆకులూ పెట్టి అందులో ఉంచండి. ఆకుల మీద నీళ్లు చిలకరించండి. పొద్దున్నే కాసేపు లేత ఎండ చూపించండి, సగం బుట్ట నీడలో ఉండాలి. మన నెల్లూరు ఎండకు గాజు తొట్టిని బయట పెడితే లోపలి ప్రాణి నిమిషాల్లో పోతుంది. మందు కొట్టిన తోటలో పట్టిన పురుగులు వేయొద్దు. చేతుల్లోకి తీసుకోవడం మానేయండి.

ఇదంతా అప్పగించేదాకా మాత్రమే. మన ఊసరవెల్లి 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవి, పెంచుకోవడం నేరం. 39వ సెక్షన్ ప్రకారం చేతికి వచ్చిన 48 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లోనో, అధీకృత అధికారికో చెప్పాలి. ఆ గడువు దాటింది. ఇంకా దాచడం కన్నా, కొట్టబోతుంటే తెచ్చామని ఉన్నదున్నట్టు చెప్పడమే మంచిది.

కందుకూరు_టీచరమ్మ:
అన్నా, చట్టం సరే. అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో దీనికి వైద్యం చేసేదెవరు? పశువుల ఆసుపత్రిలో గేదెలనూ గొర్రెలనూ చూస్తారు. ప్రేమగా చూసే పిల్లాడి చేతిలోంచి తీసి, పట్టించుకోని చోట పడేస్తే ఎవరికి మేలు? సిటీల్లో ఊసరవెల్లులు పెంచేవాళ్లు లేరా?

పెన్నాతీరం:
అక్కా, సిటీల్లో పెంచేది ఎక్కువగా యెమెన్ వైపు నుంచి వచ్చిన 'వెయిల్డ్' అనే విదేశీ ఊసరవెల్లి జాతి. వాటికి కూడా 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. మన తోటల్లో పుట్టినదానికి ఆ దారి లేదు.

వైద్యం గురించి మీ భయం న్యాయమైనదే. అందుకే ఇచ్చేసి ఊరుకోకూడదు. గుర్తులన్నీ కాగితం మీద రాసిచ్చి, వైద్యుడికి చూపించకుండా వదలొద్దని అడగాలి. తిరుపతిలో వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, ఎస్వీ జూ పార్కు ఉంది. శాఖ వాళ్లు తలుచుకుంటే పంపగలరు. ప్రేమ ఒక్కటే చాలదక్కా. డి3 ఎక్కువైతే అదీ ప్రమాదమే, ఎంత ఇవ్వాలో ఇంట్లో మనం తేల్చలేం. పైగా ఒకసారి వంగిన ఎముక చాలావరకు అలాగే ఉండిపోతుంది. కొమ్మ పట్టు లేని ఊసరవెల్లిని తోటలో వదిలితే బతకదు. వదలొచ్చో లేదో చూసి చెప్పాల్సింది వైద్యుడు.

కావలి_కుర్రోడు:
సున్నం మాట ఒప్పుకుంటున్నా. ఆఫీసు మీద మాత్రం నాకు నమ్మకం లేదన్నా. తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి, వారం వారం ఫోన్ చేసి అడగనీయండి.

పొదలకూరు_నిమ్మ:
బుట్టలోకి మార్చాం. చిలకరించగానే ఆకు మీద నీళ్లు నాకింది! నాన్న రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేశారు, రేపు పొద్దున రమ్మన్నారు. తమ్ముడు వస్తానన్నాడు. ఎలా తీసుకెళ్లాలి?

పెన్నాతీరం:
చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, పట్టుకోవడానికి ఒక పుల్ల కదలకుండా బిగించి. ఎండెక్కక ముందే బయల్దేరండి. బయల్దేరే ముందు ఇంకోసారి ఆకుల మీద నీళ్లు చల్లండి. నోరు తెరిచి తల పైకెత్తి ఊపిరి తీస్తుంటే ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు, అది కూడా కాగితంలో రాయండి.