అప్‌డేట్: సైక్లోక్రాస్ సీజన్ అయిపోయింది, టైర్లలో గాలి సంగతి తేలింది

బెల్జియంలో ఉంటున్నాను, రోడ్ సైకిల్ అలవాటుంది, మొదటిసారి సైక్లోక్రాస్‌లో (బురద, ఇసుక, గడ్డి మీద సాగే సైకిల్ రేసులు) దిగుతున్నాను, 33 మిల్లీమీటర్ల టైర్లలో గాలి ఎంత పెట్టాలి అని సెప్టెంబర్‌లో అడిగాను కదా. తగ్గించమన్న వాళ్లందరికీ థ్యాంక్స్. నా బరువు 68 కిలోలు, టైర్లు ట్యూబ్‌లెస్. బురదలో ముందు 20, వెనక 22 పీఎస్ఐ చక్కగా సరిపోయింది, నేల గట్టిగా ఉంటే రెండు మూడు పెంచాను.

అక్టోబర్ దాకా హాయిగా సాగింది. నవంబర్ వానలు మొదలయ్యాక అసలు సినిమా కనిపించింది. ఒక రేసులో బురదా గడ్డీ వెనక డీరెయిలర్‌కి (గేర్లు మార్చే భాగం) చుట్టుకుని, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ పుటుక్కున విరిగింది, సైకిల్ భుజాన వేసుకుని, రేసు మధ్యలో సైకిల్ మార్చుకునే పిట్ దాకా పరుగెత్తాను సరే, అక్కడ నాకు రెండో సైకిల్ ఎక్కడిది? (స్పేర్ హ్యాంగర్ ఒకటి బ్యాగులో పెట్టుకోండి, అన్నీ అన్ని ఫ్రేములకూ పట్టవు.)

ఇసుక మాత్రం భలే కుదిరింది. హ్యాండిల్ బిగించి పట్టుకోకుండా, ముందువాళ్ల చక్రాలు వేసిన గాడిలోనే, బరువు కాస్త వెనక్కి వేసి పెడల్ ఆపకుండా తొక్కితే దిగకుండానే దాటేశాను, పక్కన బీర్ గ్లాసులతో నిలబడ్డ తాతలు 'ఆలే ఆలే' (పద పద) అని అరుస్తుంటే ఆ కిక్కే వేరు.

దారికి అడ్డంగా పెట్టే 40 సెంటీమీటర్ల ఎత్తు పలకల సంగతా? 2025లో సైక్లోక్రాస్‌లో ఏడో ప్రపంచ టైటిల్ గెలిచిన మాథ్యూ వాన్ డర్ పూల్ సైకిల్‌తో సహా ఎగిరి దాటతాడు, నేను దిగి పరుగెడతాను, సిగ్గేం లేదు.

ఇప్పుడు ఇంట్లో చర్చ: వచ్చే సీజన్‌కి సెకండ్‌హ్యాండ్‌లో రెండో సైకిలా, బురద కడగడానికి ప్రెషర్ వాషరా? మా ఆవిడ ఓటు వాషర్‌కే.