విమానం బంక్‌లో పడుకుని వచ్చినా మా ఆయనకు నిద్ర ఎందుకు చాలడం లేదు?

జయనగర్ ఇల్లాలు:
మా ఆయన కో-పైలట్. ఇన్నాళ్లూ హైదరాబాద్, ఢిల్లీ అంటూ చిన్న విమానాలు నడిపారు. ఈమధ్యే పెద్ద విమానాలకు మారారు. అన్నీ బెంగళూరు నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరే దూరపు ఫ్లైట్లే. ముగ్గురో నలుగురో పైలట్లు ఉంటారట, వంతులవారీగా బంక్‌లో, అంటే విమానంలోనే సిబ్బందికి ఉండే చిన్న పడక మీద, పడుకుంటారట. మా మావయ్యగారు "జీతం తీసుకుని పడుకోవడమేంట్రా" అని ఏడిపిస్తుంటారు. కానీ ఇంటికొచ్చేసరికి మనిషి వాడిపోయి ఉంటారు. మొన్న సోఫాలో కూర్చుని షూ లేసు విప్పుతూ విప్పుతూ అలాగే ఒరిగిపోయారు. అడిగితే "నాలుగు గంటలు బ్రేక్ ఇచ్చారుగా, పడుకున్నా" అంటారు. మరి ఈ నీరసం ఏంటి? ఇంట్లో మేం చేయగలిగింది ఏమైనా ఉందా? ఇంకోటి, కాక్‌పిట్‌లో సీట్లోనే కునుకు తీస్తారని విన్నాను. నాకు అసలు టెన్షన్ దాని గురించే.

పాత కెప్టెన్, మారతహళ్ళి:
అమ్మా, నేను బోయింగ్ 777 విమానాలు నడుపుతూ రిటైరయ్యాను. ముందు మీ మావయ్యగారి సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు 2021 జనవరిలో తొలి డైరెక్ట్ ఫ్లైట్ వచ్చింది, గుర్తుందా? పాపగారి తన్మయితో కలిపి నలుగురూ మహిళా పైలట్లే. ఉత్తర ధ్రువం మీదుగా, దాదాపు 17 గంటలు. అది ఇద్దరితో అయ్యే పనేనా అని అడగండి. విమానంలో పడుకోవడం కూడా డ్యూటీయే.

ఇక నాలుగు గంటల బ్రేక్ అంటే నాలుగు గంటల నిద్ర అనుకోకండి. బట్టలు మార్చుకుని, ఇరుకు మెట్లెక్కి, దుప్పటి మీదుగా బెల్టు పెట్టుకుని పడుకునేసరికి కొంత పోతుంది. లేచాక మత్తు వదలడానికి ఇంకొంత. గాలిలో తేమ 20 శాతం కూడా ఉండదు, గొంతు ఎండుతుంది. నీళ్లు తాగితే మళ్ళీ బాత్రూమ్. ఈలోపు కుదుపులు, బెల్లుల మోత. పట్టిన నిద్ర కూడా ఇంట్లో పట్టినంత గాఢంగా ఉండదు.

దీనికన్నా పెద్ద చిక్కు వంతులతో. రాత్రి రెండింటికి బయల్దేరితే మొదటి వంతు తెల్లవారుజాము మీద పడుతుంది. ఒంటికి నిద్ర ముంచుకొచ్చే సమయం అదే, పడుకుంటే హాయిగా పడుతుంది. రెండో వంతు వచ్చేసరికి మన ఊళ్లో పొద్దెక్కి ఉంటుంది, ఒళ్లు లేవమంటుంది. కానీ ల్యాండింగ్ చేయాల్సిన వాళ్లకు కావాల్సింది ఆ రెండో వంతే. అమెరికా రూల్ అయితే ల్యాండింగ్ చేసే పైలట్‌కు డ్యూటీ రెండో సగంలో వరుసగా రెండు గంటలు విశ్రాంతికి ఇచ్చి తీరాలంటుంది. సమయం ఇవ్వగలరు గానీ నిద్ర ఇవ్వలేరు కదా! అందుకే బంక్‌ను నమ్ముకుని ఇంట్లో నిద్ర మానేసిన వాడు దెబ్బతింటాడు.

మీరు చేయాల్సింది అక్కడే. బయల్దేరే రోజు మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన్ని చీకటి గదిలో పడుకోనివ్వండి. కాలింగ్ బెల్ ఆపేయండి, కుక్కర్ తర్వాత పెట్టుకోండి, కొరియర్ వాళ్లకు మీ నంబరే ఇవ్వండి. "ఎలాగూ ఇంట్లోనే ఉన్నారుగా" అని బ్యాంకు పని, పిల్లల స్కూలు పని ఆ పూట అంటగట్టొద్దు. పైగా జయనగర్ నుంచి దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకు హెబ్బాళ ట్రాఫిక్ దాటడానికే ఒక యుగం, ముందే బయల్దేరాలి. ఎయిర్‌పోర్టు మా మారతహళ్ళి పక్కనే ఉన్న రోజుల్లో, అంటే 2008కి ముందు, ఈ బాధ లేదు.

రోస్టర్ డెస్క్ (పైలట్లకు డ్యూటీలు వేసే విభాగం):
కెప్టెన్ గారి మాటకు చిన్న చేర్పు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త నిబంధనల్లో వారానికి ఇచ్చే విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది, రాత్రి డ్యూటీగా లెక్కించే సమయం ఉదయం 5కి బదులు 6 దాకా పెరిగింది. 2025లో రెండు విడతలుగా తెచ్చారు. మినహాయింపుల గొడవ వేరే కథ. విమానంలో విశ్రాంతికి మాత్రం పడుకునే చోటును బట్టి లెక్క: బంక్ ఉంటే డ్యూటీ ఎక్కువసేపు పొడిగించవచ్చు, వెనక్కి వాలే సీటు మాత్రమే ఉంటే తక్కువ. మీ వారికి ఏది ఇస్తున్నారో కనుక్కోండి.

జయనగర్ ఇల్లాలు:
బంకేనట. థాంక్సండీ. సీట్లో కునుకు సంగతి ఎవరూ చెప్పలేదు.

పాత కెప్టెన్, మారతహళ్ళి:
చెప్తానమ్మా. ఇద్దరే పైలట్లు ఉన్నప్పుడు, ఊహించని అలసట వస్తే వాడే ఏర్పాటు అది. యూరప్, కెనడా ఒప్పుకుంటాయి, అమెరికా తన ఎయిర్‌లైన్స్‌కు ఒప్పుకోదు. నాసా చేసిన ప్రయోగంలో 40 నిమిషాలు అవకాశమిస్తే పైలట్లు సగటున 26 నిమిషాలు పడుకున్నారు. పడుకోనివ్వని జట్టులో ల్యాండింగ్‌కు దిగుతున్నప్పుడు కూడా రెప్పపాటు నిద్రలు నమోదయ్యాయి. కాబట్టి మీరు భయపడాల్సింది కునుక్కి కాదు, హద్దు దాటిన నిద్రకి.

2011లో టొరంటో నుంచి జూరిచ్ వెళ్తున్న ఎయిర్ కెనడా ఫ్లైట్‌లో కో-పైలట్ 40 నిమిషాలు అనుకున్నది 75 నిమిషాలు పడుకున్నాడు. లేచిన మత్తులో ముందు శుక్రగ్రహాన్ని చూసి విమానం అనుకున్నాడు. తర్వాత, కింద ఎత్తులో ఎదురొస్తున్న అసలు విమానం తమ మీదికే దిగుతోందనుకుని తమ విమానం ముక్కు కిందికి తోశాడు. 16 మందికి దెబ్బలు. మన పక్కనే మంగళూరు, 2010 మే. దుబాయ్ నుంచి వస్తున్న కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రపోయినట్టు కాక్‌పిట్ రికార్డింగే చెప్పింది. దిగే ముందు లేచాడు. ల్యాండింగ్ వదిలేసి మళ్ళీ పైకి లేపమని కో-పైలట్ చెప్పినా వినలేదు. 158 మంది పోయారు. నిద్రమత్తును కూడా ఒక కారణంగా నివేదికలో రాశారు.

అందుకే పద్ధతి ఉంది. ముందుగా క్యాబిన్ సిబ్బందికి చెప్పాలి, సీటు వెనక్కి జరిపి భుజం బెల్టు లాక్ చేసుకోవాలి, ఒకరే పడుకోవాలి, కిందికి దిగడం మొదలుపెట్టడానికి చాలా ముందే లేవాలి. లేచిన వెంటనే కంట్రోల్స్ ముట్టుకోకుండా ఒక 20 నిమిషాలు ఊరికే కూర్చోవాలి.

అన్నట్టు, ఆయన ఎయిర్‌పోర్టుకు సొంత కారులో వెళ్తారా?

జయనగర్ ఇల్లాలు:
అవునండీ. కంపెనీ క్యాబ్ ఊరంతా తిరిగి వస్తుందని కారు అక్కడే పెట్టి వెళ్తారు.

పాత కెప్టెన్, మారతహళ్ళి:
వెళ్లేటప్పుడూ వద్దు, వచ్చేటప్పుడు అసలే వద్దు. క్యాబ్ ఊరంతా తిరిగినా సరే, వెనక సీట్లో పడుకుని రమ్మనండి. రాత్రంతా ఎగిరొచ్చి బళ్ళారి రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకుంటే పక్కన తట్టిలేపే కో-పైలట్ ఉండడు.

జయనగర్ ఇల్లాలు:
రేపు రాత్రే ఫ్లైట్ ఉంది. కారు తాళం దాచేస్తున్నా. మావయ్యగారికి కూడా చెప్పాను, "అయితే మధ్యాహ్నం టీవీ సౌండ్ తగ్గించాలా?" అన్నారు.